బిళ్ళ వేసుకోక ముందే సీసా పట్టండి

"ఒరే అబ్బాయ్, మళ్ళీ తిరగబెట్టేసిందంటరా" అని మా పిన్ని రామచంద్రపురం నించి ఫోన్ చేసింది. ఏది తిరగబెట్టిందని అడగక్కర్లేదు. మా వైపు జ్వరం నాలుగు రోజులు దాటితే టైఫాయిడ్, తగ్గి మళ్ళీ వస్తే టైఫాయిడ్ తిరగబెట్టడం. ఏడాదిలో పిన్నికి ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ రక్తం తీసి వైడల్ పరీక్ష చేశారు, పాజిటివ్ అన్నారు, ఏడేసి రోజులు పొద్దునొకటీ సాయంత్రమొకటీ సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ పొడిచారు. రెండుసార్లకీ కలిపి 28 సూదులు. ఇప్పుడు మూడోసారి మొదలెడదామంటున్నారంట.

నేను కాకినాడలో ఒక ఆస్పత్రి ల్యాబులో మైక్రోబయాలజీ బల్ల దగ్గిర 22 ఏళ్ళుగా పనిచేస్తున్నా. "మావోడు రక్తపరీక్షలు సేత్తాడండి" అని మా ఊళ్ళో చెప్పుకుంటారు. నిజానికి నేను చేసేది రక్తపరీక్ష కంటే వ్యవసాయానికి దగ్గిర. నారు పోస్తాం, మొలకెత్తిందాకా ఆగుతాం, ఏ మొక్కో గుర్తుపడతాం, ఏ మందుకి చస్తుందో చూస్తాం. తేడా ఏంటంటే మేం పెంచేది కలుపు.

"కల్చర్ చేయించారా పిన్నీ?" అనడిగాను.

"అదేంట్రా?" అంది.

ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం. రామచంద్రపురంలో, మండపేటలో, అమలాపురంలో ఎవర్నడిగినా సుగర్ ఎంతుందో చెప్తారు, బీపీ చెప్తారు, ప్లేట్‌లెట్లు ఎన్ని పడిపోయాయో చెప్తారు. జ్వరానికి కారణమైన సూక్ష్మజీవి పేరేంటని అడిగితే మాత్రం, పది రోజులు ఆస్పత్రిలో ఉండొచ్చిన మనిషి కూడా చెప్పలేడు. ఎందుకంటే చాలాసార్లు ఎవరూ చూడలేదు.

పిన్నిని యాంటీబయాటిక్ ఏదీ మొదలెట్టకుండా కాకినాడ వచ్చెయ్యమన్నాను. ఒంటేలు సీసాలో పట్టి ఎవరిచేతైనా పంపిస్తానంది. వద్దన్నాను. రామచంద్రపురం నించి కాకినాడ ముప్పై కిలోమీటర్లు, బస్సు కోసం నిలబడ్డంతో కలిపి రెండు గంటలు వేసుకోండి. ఈ.కోలై అనే బ్యాక్టీరియా వెచ్చగా ఉంటే 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రెండు గంటల్లో ఒకటి 64 అవుతుంది. పట్టేటప్పుడు చర్మం మీద నించి పడ్డ పది పరకా కూడా బస్సులోనే సంసారాలు పెట్టేస్తాయి. అలాంటి సీసా నా బల్ల మీదికొస్తే, లోపల నిజంగా జబ్బుందో, దారిలో పెరిగిన గుంపో నాకు తెలీదు. ఐస్ పెట్టెలో పెట్టి తెస్తే వేరే సంగతి. మామూలు సంచీలో తెచ్చింది పనికిరాదు.

వచ్చింది. మూత గట్టిగా ఉన్న స్టెరైల్ సీసా ఇచ్చి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమని చెప్పాను. ఇది చెప్పడానికి మా దగ్గిర చాలామంది మొహమాటపడతారు. సీసా చేతికిచ్చి "బాత్‌రూమ్ అటు" అని ఊరుకుంటారు. పరీక్ష సగం అక్కడే పాడైపోతుంది.

ఆ సీసాలో మేం ముంచేది ఓ చిన్న తీగ లూపు. అది సరిగ్గా మిల్లీలీటరులో వెయ్యోవంతు పట్టుకుంటుంది. దాన్ని గట్టిపడిన అగార్ ప్లేటు మీద గీస్తాం. అగార్ అంటే మరేదో కాదండి, కిరాణా కొట్లో చైనా గ్రాస్ అని దొరుకుతుందే, సముద్రపు నాచు నించి తీసేది, అదే. 1881 ప్రాంతంలో జర్మనీలో కాక్ పరిశోధనశాలవాళ్ళు బ్యాక్టీరియాని జెలటిన్ మీద పెంచేవాళ్ళు. ఎండాకాలం వస్తే అది కరిగి నీళ్ళయ్యేది. అక్కడ పనిచేసే వాల్టర్ హెస్సె భార్య ఫానీ, మేం వంటింట్లో జెల్లీకి అగార్ వాడతాం, అది ఎండకి కరగదు కదా అంది. ఇవాళ ప్రపంచంలో ఏ ల్యాబుకెళ్ళినా ఆవిడ వంటింటి సలహా మీదే నడుస్తోంది.

ప్లేటుని 37 డిగ్రీల దగ్గిర రాత్రంతా ఉంచుతాం. పొద్దున్న చూస్తే గీతల వెంట చుక్కలు మొలుస్తాయి. ఒక్కో చుక్కా ఒక్కో బ్యాక్టీరియా వంశం. వెయ్యోవంతు మిల్లీలీటరులో వంద చుక్కలొచ్చాయంటే, మిల్లీలీటరుకి లక్ష ఉన్నట్టు. పిన్ని ప్లేటు మీద లెక్కపెట్టడానికి వీల్లేనన్ని వచ్చాయి. మెకాంకీ అనే ప్లేటు మీద అవన్నీ గులాబీ రంగులో ఉన్నాయి. ఆ ప్లేటులో పాల చక్కెర, ఓ రంగూ కలిపి ఉంటాయి. పాల చక్కెర తినేది గులాబీ రంగుకి తిరుగుతుంది, తిననిది తెల్లగా ఉండిపోతుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా తినదు. అంటే పొద్దున్న ప్లేటు మూత తియ్యగానే, పేరు ఇంకా తెలీకుండానే, ఒకటి తెలిసిపోయింది. పిన్ని ఒంటేలు నిండా ఉన్నది టైఫాయిడ్ పురుగు కాదు.

తర్వాత గ్రామ్ రంగు వేశాం. 1884లో డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ పది నిమిషాల్లో ఇంత సంగతి చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. ఊదారంగు వేసి, అయోడిన్ వేసి, ఆల్కహాల్‌తో కడిగి, ఎర్రరంగు వేస్తాం. ఊదాగా మిగిలినవి ఒక జాతి, ఎర్రగా తేలినవి ఇంకో జాతి. రెండు జాతుల గోడల నిర్మాణం వేరు, అందుకని వాటికి వాడే మందులూ చాలావరకు వేరు. పిన్నివి ఎర్ర కడ్డీలు. చిన్న గొట్టాల్లో వేసి చూస్తే ఇండోల్ గొట్టంలో ఎర్ర ఉంగరం వచ్చింది, సిట్రేట్ గొట్టం ఆకుపచ్చగానే ఉండిపోయింది. ఈ.కోలై. పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పుడు ఈ పేరు చెప్పడానికి మాల్డి-టాఫ్ అనే యంత్రం ఉంది, చుక్క పెడితే నిమిషాల్లో చెప్పేస్తుంది. మా దగ్గిర గొట్టాలే. జవాబు అదే, ఒక రోజు ఆలస్యం.

ఇప్పుడు అసలు కష్టం. పేరు తెలిసినంత మాత్రాన మందు తెలియదు. ముప్పై ఏళ్ళ కింద తెలిసేదేమో. ఇప్పుడు అదే ఈ.కోలై ఒకరి ఒంట్లో మామూలు బిళ్ళకి చస్తుంది, పక్కింటావిడ ఒంట్లో దేనికీ లొంగదు. అందుకే సెన్సిటివిటీ. బ్యాక్టీరియాని నీళ్ళలో ఓ లెక్కన మబ్బుగా కలిపి, ప్లేటంతా పరిచి, దాని మీద మందు పూసిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం. అవి మన బొట్టుబిళ్ళ అంత ఉంటాయి. రాత్రికి మందు చుట్టూ పాకుతుంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తాం. ఇదేదో స్కూలు పిల్లల ప్రయోగంలా ఉందనుకోకండి. 1966లో బాయర్, కిర్బీ వాళ్ళు దీన్ని పద్ధతిగా రాసిపెట్టారు, ఇవాళ్టికీ మన దేశంలో ఎన్నో ల్యాబులు నడిచేది దీనిమీదే.

పిన్ని ప్లేటులో సెఫ్ట్రియాక్సోన్ బిళ్ళ చుట్టూ ఖాళీ లేదు. బిళ్ళ అంచుని ఆనుకుని మరీ పెరిగింది, గోడకి నాచు పట్టినట్టు. ఆ 28 సూదుల మందే అది. ఈ బ్యాక్టీరియా ఆ జాతి మందులన్నిటినీ ముక్కలు చేసే ఎంజైమ్ తయారుచేస్తోంది. రిపోర్టులో దాన్ని ఈఎస్‌బీఎల్ అని రాస్తాం. ఇది మొదటిసారి జ్వరం వచ్చినప్పుడే ఉందా, లేక ఆ 28 సూదుల్లో లొంగినవన్నీ చచ్చి, లొంగనివి మిగిలి, అవే పెరిగాయా? ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అప్పుడు సీసా పట్టలేదు కాబట్టి.

ఖాళీ బాగా వచ్చిన మందులు మూడు నాలుగున్నాయి. వాటిల్లో నైట్రోఫ్యురాంటాయిన్ చవక బిళ్ళ. "అయితే అది వేసేసుకుంటా, పట్టుకెళ్ళిపోతా" అంది పిన్ని. ఇక్కడే రిపోర్టు పట్టుకుని మందుల షాపుకెళ్ళేవాళ్ళు దెబ్బతింటారు. ఆ మందు ఒంటేట్లో పోగవుతుంది గానీ రక్తంలో, కిడ్నీ కండలో చాలినంత ఉండదు. మంటా ఒరుపూ మాత్రమే ఉంటే సరిపోతుంది. చలిజ్వరం, నడుం నొప్పి వచ్చి కిడ్నీ దాకా పాకిందంటే సరిపోదు. ప్లేటు మీద ఎస్ అని ఉన్నంత మాత్రాన ఒంట్లో పనిచేస్తుందని కాదు. అది డాక్టరు చూసుకోవాల్సిన లెక్క. డాక్టరుగారు పిన్నిని చేర్చుకుని మెరోపెనెమ్ పెట్టారు. మూడో రోజుకి జ్వరం దిగింది. బాబాయి బిల్లు చూసి చాలాసేపు మాట్లాడలేదు.

మెరోపెనెమ్, ఇమిపెనెమ్ లాంటివి కార్బపెనెమ్ జాతి. ఆఖరి అరలో దాచుకోవాల్సిన మందులు. ఐసీఎంఆర్ 2013 నించి దేశంలో పెద్ద ఆస్పత్రుల ల్యాబుల లెక్కలు పోగుచేస్తోంది. ఆ లెక్కల్లో 2017లో నూటికి 81 ఈ.కోలైలు ఇమిపెనెమ్‌కి లొంగాయి. 2023కి అది 63కి పడింది. అవి పెద్దాస్పత్రుల లెక్కలు, అంటే అప్పటికే నాలుగు చోట్ల తిరిగొచ్చిన కష్టమైన కేసులు ఎక్కువ. ఊళ్ళో లెక్క అంతకంటే మెరుగ్గానే ఉండొచ్చు. ఆ లెక్క కట్టాలంటే ఊళ్ళో కల్చర్లు చెయ్యాలి, అవి చెయ్యట్లేదు.

మరి వైడల్ పాజిటివ్ ఎందుకొచ్చింది? ఫెర్నాండ్ వైడల్ అనే ఫ్రెంచి డాక్టరు 1896లో చెప్పిన పరీక్ష ఇది. రక్తంలో టైఫాయిడ్ బ్యాక్టీరియా ఉందో లేదో అది చూడదు. దాని మీద మన ఒళ్ళు ఎప్పుడో తయారుచేసుకున్న యాంటీబాడీలున్నాయా అని చూస్తుంది. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చినా, టీకా వేయించుకున్నా, కాలవ నీళ్ళు తాగి తెలీకుండా సోకి పోయినా, ఒక్కోసారి మలేరియా లాంటి వేరే జ్వరాల్లోనూ పాజిటివ్ రావచ్చు. మన డెల్టాలో నికరంగా ఉన్న మనిషిని పట్టుకుని చేసినా వన్-ఈజ్-టు-ఎయిటీ రావడం వింత కాదు. వారం పది రోజుల తేడాలో రెండుసార్లు చేసి, నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు దానికో అర్థం. ఒక్కసారి చేసిన వైడల్‌తో 14 సూదులు పొడవడమంటే, ఇంటి ముందు పాత చెప్పులు చూసి దొంగ లోపలున్నాడని తలుపులు పగలగొట్టడమే.

రక్తం కల్చర్ చేస్తే టైఫాయిడ్ నిజంగా తెలుస్తుంది. అదీ నూటికి నూరు పాళ్ళు కాదు, నిజంగా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో ఆరుగురికి దొరుకుతుంది. కానీ దొరికితే అది చేతికి చిక్కిన దొంగ, ఏ మందుకి చస్తాడో కూడా చెప్పించొచ్చు. 2016లో పాకిస్తాన్ సింధ్‌లో, అక్కడా ఊరి పేరు హైదరాబాదే, సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ మొదలై పాకింది. దాన్ని పట్టుకుంది కల్చర్లే. వైడల్‌కి మందు లొంగుబాటు గురించి ఒక్క ముక్క తెలీదు.

పిన్ని సంగతి సుఖంగా తేలింది కాబట్టి చెప్పుకుంటున్నాం. తేలనిది ఒకటుంది.

కొన్నేళ్ళ కింద ద్రాక్షారం అవతల పల్లె నించి ఓ రైతుని తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి, సుగర్ ఉంది. ఇరవై రోజులుగా జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలేయంలో చీముగడ్డలు. అప్పటికి మూడు చోట్ల చూపించారు, ఐదు రకాల యాంటీబయాటిక్స్ పడ్డాయి. కల్చర్ ఒక్కటీ లేదు. మా దగ్గిరికొచ్చాక రక్తం రెండు సీసాల్లో తీశారు. ఐదు రోజులు యంత్రంలో పెట్టాం. రోజూ పొద్దున్న చూసేవాణ్ణి. ఏమీ మొలవలేదు. ఐదో రోజు "నో గ్రోత్" అని కొట్టి పంపాను. ఆరో రోజు ఆయన పోయాడు. కొడుకు మా కిటికీ దగ్గిరికొచ్చి "ఏమీ లేదని రాశారు గదండి, మరి ఏమీ లేపోతే ఎందుకు పోయాడండి?" అనడిగాడు.

ఏమీ లేక కాదు. రక్తంలో మందులు నిండి ఉంటే సీసాలో బ్యాక్టీరియా మొలవదు, కానీ గడ్డల్లో బతికే ఉంటుంది. నో గ్రోత్ అంటే జబ్బు లేదని కాదు, మేం ఆలస్యంగా చూశామని. ఈ మాట ఆ కుర్రాడికి ఆరోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను.

2025లో గుంటూరు దగ్గిర తురకపాలెం వార్తలు చదువుతుంటే ఆయనే గుర్తొచ్చాడు. ఆ ఊళ్ళో కొన్ని నెలల్లోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. మెలియాయిడోసిస్ అని అనుమానించారు, కొందరి రక్తం కల్చర్లో దాని బ్యాక్టీరియా, బర్ఖోల్డేరియా సూడోమల్లై, బైటపడింది. అన్ని చావులకీ అదే కారణమని నేననను. కానీ ఊరు ఊరంతా భయపడుతున్నప్పుడు దేన్ని వెతకాలో చెప్పింది కల్చర్ ప్లేటే.

ఇది మట్టిలో, వరి మడి బురదలో బతికే బ్యాక్టీరియా. కాలి పగుళ్ళలోంచీ దెబ్బల్లోంచీ ఎక్కుతుంది, తుఫాను వానల్లో గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. సుగర్ ఉన్నవాళ్ళని ఎక్కువ పట్టుకుంటుంది. వరి, బురద, వాన, సుగర్. ఈ నాలుగూ కలిసిన చోటంటే కోనసీమ కంటే వేరే పేరు చెప్పగలరా?

దీన్ని మొదట గుర్తుపట్టింది రంగూన్‌లో. ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి అనే ఇద్దరు డాక్టర్లు 1912లో రాశారు. ఆ రోజుల్లో మన కోరంగి, కాకినాడ రేవుల నించి వేలమంది రంగూన్‌కి కూలికి పోయేవాళ్ళు. అక్కడ తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవాళ్ళు. వందేళ్ళ పైగా దీని సంగతి పుస్తకాల్లో ఉంది. ఐనా చిన్న ల్యాబుల్లో తప్పిపోతుంది. ఎందుకంటే మొదటి రోజు చూస్తే సూడోమోనాస్ లాగో, చర్మం మీది చెత్త లాగో కనిపిస్తుంది. యంత్రాలు కూడా ఒక్కోసారి దీని దాయాది పేరు రాసేస్తాయి. ప్లేటు పారెయ్యకుండా ఇంకో రెండు మూడు రోజులుంచితే ఎండు ఆకులా ముడతలు పడతాయి. దాన్ని అనుమానించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదండి. మూడు కాగితపు బిళ్ళలు చాలు. జెంటామైసిన్ చుట్టూ ఖాళీ రాదు, కోలిస్టిన్ చుట్టూ రాదు, అమాక్సిక్లావ్ చుట్టూ వస్తుంది. ఈ మూడూ కలిస్తే వెంటనే పై ల్యాబుకి పంపాలి. మందు కూడా వేరు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం పది పద్నాలుగు రోజులు సూదిగా, ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ బిళ్ళలు మూడు నెలలు. మనవాళ్ళు టైఫాయిడ్‌కి పొడిచే సెఫ్ట్రియాక్సోన్‌ని దీనికి నమ్ముకోకూడదు.

ఆ ద్రాక్షారం రైతుకి ఇదే వచ్చిందా? తెలీదు. ఎప్పటికీ తెలీదు.

రక్తం కల్చర్ అనగానే మా దగ్గిర ఓ గొడవ. "ఇంత రక్తం లాగేత్తన్నారేటండి, మనిషి అసలే నీరసంగా ఉన్నాడు" అంటారు. పెద్దవాళ్ళకి ఒక్కో సీసాకి 8 నించి 10 మిల్లీలీటర్లు తియ్యాలి, అదీ రెండు వేర్వేరు చోట్ల గుచ్చి. జబ్బు మనిషి మిల్లీలీటరు రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా లేకపోవచ్చు, అంత పల్చగా ఉంటాయి. రెండు మిల్లీలీటర్లు తీస్తే చెరువులో గ్లాసు ముంచి చేప లేదన్నట్టే. రెండు చోట్లెందుకంటే, చర్మం మీది అమాయకపు బ్యాక్టీరియా సూది వెంట లోపలికి పోతుంటుంది. ఒక సీసాలోనే మొలిస్తే అది అదేమో, రెండిట్లోనూ ఒకటే మొలిస్తే దొంగ. నర్సమ్మ స్పిరిట్ రాసి ఆరిందాకా ఆగితే విసుక్కోకండి. ఆ అర నిమిషం మీద మూడు రోజుల పని ఆధారపడుంది.

మా వైపు తప్పులు కూడా చెప్పాలి కదా. ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లుంటే మందు పనిచేస్తుందనేదానికి పట్టిక ఉంటుంది, అది మారుతూ ఉంటుంది. ఈ.కోలై జాతికి సిప్రోఫ్లోక్సాసిన్ బిళ్ళ చుట్టూ 21 మిల్లీమీటర్లుంటే చాలు, పాస్, అనేది పాత లెక్క. 2019లో దాన్ని 26కి పెంచారు, 21 అంతకంటే తక్కువ ఐతే ఫెయిల్. కొలత అదే, ప్లేటు అదే, పాత పట్టిక గోడకి అంటించుకున్న ల్యాబులో పాస్, కొత్తది చూసుకున్న ల్యాబులో ఫెయిల్. రోగికి తెలిసేదెలా? కోలిస్టిన్ మందుకైతే ఈ కాగితపు బిళ్ళ కొలతే నమ్మకూడదు, ఆ మందు అణువు పెద్దది, అగార్‌లో సరిగ్గా పాకదు. నేనిందాక చెప్పిన మూడు బిళ్ళల అనుమానం వేరు, కోలిస్టిన్ ఇద్దామా అని చూడ్డం వేరు. ఐనా బిళ్ళ పెట్టి కోలిస్టిన్ ఎస్ అని కొట్టిన రిపోర్టులు నేను చూశాను. ప్రైవేటైనా సర్కారైనా ల్యాబుని ఒక ప్రశ్న అడిగే హక్కు మీకుంది. "క్వాలిటీ కంట్రోల్ చేస్తున్నారా? పట్టిక ఏ ఏడాదిది?" కోపమొస్తే రానివ్వండి.

ఇక మందుల షాపు. మా ఊళ్ళో యాంటీబయాటిక్ అని ఎవరూ అనరు, "హై పవర్ బిళ్ళ" అంటారు. "ఓ రెండు హై పవర్ ఇవ్వండి" అంటే ఇచ్చేస్తారు. 2014 మార్చి 1 నించి షెడ్యూల్ హెచ్1 అని చట్టంలో ఉంది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లెవోఫ్లోక్సాసిన్, మెరోపెనెమ్ లాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినవి రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. 2016లో మందుల అట్ట మీద ఎర్రగీత చూసి కొనమని కేంద్రం ప్రచారం చేసింది. మీ ఇంట్లో ఉన్న అట్టలు ఓసారి తిప్పి చూడండి, ఎన్నింటికి ఎర్రగీతుందో, ఎన్నింటికి చీటీ ఉందో. కానీ ఒట్టి షాపువాళ్ళ మీదే పడితే న్యాయం కాదు. పొలంలో కూలి మానుకుని, కాకినాడ బస్సెక్కి, మూడు రోజులు రిపోర్టు కోసం ఆగే తీరిక ఎవరికుంది? రెండు బిళ్ళలు వేసుకుని రేపు నాట్లకి పోవాలి. ఆ మనిషికి "తప్పు" అని చెప్పే ముందు, దగ్గిర్లో కల్చర్ పెట్టి చెప్పాలి.

మందులు మనుషుల నోట్లోకే పోవట్లేదు. అనపర్తి, మండపేట వైపు కోళ్ళ ఫారాలు, కిందికి పోతే రొయ్యల చెరువులు. కోలిస్టిన్‌ని కోళ్ళకీ పశువులకీ వాడకూడదని కేంద్రం 2019 జూలైలో నిషేధించిందంటే, అప్పటిదాకా వాడారనే కదా. యూరప్ 2016లో మన దేశపు చేపలు, రొయ్యల సరుకు మీద సరిహద్దు పరీక్షల్ని నూటికి 10 నించి 50కి పెంచింది, మందుల అవశేషాలున్నాయని. రొయ్య వెనక్కొస్తే వార్తవుతుంది, ఆ చెరువు నీళ్ళు మన కాలవలోకి పోతే వార్త కాదు. 2007లో హైదరాబాద్ దగ్గిర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు నించి బైటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. స్వీడన్ శాస్త్రవేత్తలు అచ్చేసిన లెక్క అది. మన రక్తంలో మందు పనిచేసేటప్పుడుండే మోతాదు కంటే ఎక్కువ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో లెడర్లే కంపెనీలో మట్టిలోని సూక్ష్మజీవి నించి ఆరియోమైసిన్ బయటికి తీశారు, 1948లో. మొదటి టెట్రాసైక్లిన్ అది. అలా మట్టి నించి తెచ్చుకున్న మందుల్ని మనం మళ్ళీ మట్టికీ నీళ్ళకీ ఇస్తున్నాం, బ్యాక్టీరియాకి పాఠాలు చెప్పేంత మోతాదులో.

చెయ్యలేని పనేం కాదిది. ప్రతి ఊళ్ళో మైక్రోబయాలజీ ల్యాబు పెట్టమని నేనడగను, నడిపే మనుషులు లేరు. క్షయ కార్యక్రమంలో ఊళ్ళ నించి తెమడ డబ్బాలు పెద్ద ల్యాబుకి తీసుకుపోయే పద్ధతి ఎప్పటినించో ఉంది. అదే దారిలో ఏరియా ఆస్పత్రుల నించి కల్చర్ సీసాలు రోజూ ఐస్ పెట్టెలో కాకినాడ మెడికల్ కాలేజీకి పోవచ్చు. రక్తం సీసాలకైతే ఐస్ కూడా వద్దు, అవి మామూలు వేడిలోనే ఉండాలి. రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నించి అక్కడుంది. రిపోర్టు ఫోన్‌లో వచ్చెయ్యొచ్చు. కేరళ 2018లోనే దీనికి రాష్ట్ర ప్రణాళిక పెట్టుకుని, రాష్ట్రం మొత్తానికి ఏ బ్యాక్టీరియాకి ఏ మందు ఎంత పనిచేస్తోందో లెక్క అచ్చేస్తోంది. మన రాష్ట్రం కూడా 2022లో ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళికలో ఉన్న ల్యాబు మా పిన్నికి బస్సెక్కకుండా దొరికినప్పుడు నేను నమ్ముతాను. కోనసీమకి అలాంటి లెక్క ఒక పేజీ ఉంటే, కల్చర్ వచ్చేలోపు డాక్టరు గుడ్డిగా సూది పొడవకుండా, ఇక్కడి ఈ.కోలైకి ఏది పనిచేస్తోందో చూసి మొదలెట్టొచ్చు.

అందాకా మీ చేతిలో ఉన్నది ఒకటే. మనిషి స్పృహ తప్పుతున్నా, ఆయాసపడుతున్నా ఏ రిపోర్టు కోసం మందు ఆపొద్దు. కానీ అప్పుడైనా సీసాలు తియ్యడానికి పట్టేది ఐదు నిమిషాలు. మొదటి సూది పడక ముందే తియ్యమనండి. ఇప్పటికే మందు పడుంటే, ఏ మందు, ఎన్ని రోజులు అనేది ఆ చీటీ మీద రాయించండి. చాలా చీటీల మీద ఒక్క "ఫీవర్" తప్ప ఏమీ ఉండదు, దాంతో మాకు దేన్ని వెతకాలో తెలీదు.

పిన్ని మొన్న ఫోన్ చేసింది. పక్కింటి మామ్మగారికి వారం రోజుల్నించి జ్వరమంట, టైఫాయిడ్ అన్నారంట. "నీ సీసా ఒకటి మా ఇంట్లో మిగిలిపోయింది గదరా, ఇచ్చేశాను. మొదటిది వదిలేసి మధ్యలోది పట్టమన్నాను. సరేగానీ, ఐస్ ఎక్కడ దొరుకుద్దిరా ఈ ఊళ్ళో, చేపల మార్కెట్ ఐసు పనికొస్తదా?"

పనికొస్తుందన్నాను. సీసాకి తడి తగలకుండా కవర్లో చుట్టి పెట్టమన్నాను.